ఎడమ పక్క తెడ్డు

ఆదివారం రాత్రి, మే 2016

సిగ్గుతో నిద్ర పట్టడం లేదు. కయాకింగ్ అనే పడవ పందేల కోచింగ్‌లో చేరి నాలుగు నెలలు కాలేదు, పొద్దున ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లకి పాఠం చెప్పాను. రెండు పక్కలా సమానంగా తెడ్డు వేస్తే కడుపు, నడుము, కాళ్లు కూడా గట్టిపడతాయన్నాను. అంతటితో ఆగానా! నాన్నతో ఇరవై ఏళ్లు ఒకే తెప్ప మీద వేటకెళ్లిన పోలయ్య మావని అందరి ముందూ నిలబెట్టాను.

"సూడండి, ఎడం బుజం ఎలాగ బలిసిపోనాదో, నడుం ఎలాగ ఒంగిపోనాదో. ఒకే పక్క ఏస్తే ఇంతే."

అందరూ నవ్వారు.

"ఇప్పుడు సరవుతాదేటిరా అల్లుడూ?" అని అడిగాడు మావ.

"ముందే పక్క మార్సుకోవల్సింది మావా."

ఆయన కూడా నవ్వి మళ్లీ వల అందుకున్నాడు.

ఇందాక అన్నాల దగ్గర నాన్న కంచంలోకే చూస్తూ అన్నాడు. "తెప్ప తిరగబడ్డప్పట్నించి నా కుడి బుజం పైకి లెగదు కదరా. ఎడం పక్క తెడ్డెయ్యాలంటే ఆ చెయ్యే పైకెత్తాల, నా వల్ల కాదు. అందుకే పోలయ్య ఏనాడూ పక్క మార్సలేదు."

ఈ ముక్క మావ పొద్దున్నే అనగలిగేవాడు. కానీ అప్పుడు నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు.