పేరు రాసిన సంచీ

బుధవారం, మెట్టుగూడ

మా కోడలు సుధ పార్లర్‌లో ప్రతి కస్టమర్‌కూ సొంత నెయిల్ కట్టర్, ఆకురాయి, పేరు రాసిన సంచీలో ఉంటాయి. ఒకరివి ఇంకొకరికి వాడదు.

మధ్యాహ్నం తను భోంచేస్తుంటే, నేను సైనిక్‌పురి మేడమ్ కట్టర్‌తో కాలిగోళ్లు తీసుకుని, లుంగీకి తుడిచి పెట్టేశాను. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు ఒకే స్పానర్‌ను పదిమందిమి వాడాం మరి. టీ గ్లాసు సంగతి చెప్పనే అక్కర్లేదు.

సాయంత్రం ఆ మేడమ్ వచ్చి కూర్చోగానే సుధను పక్కకు పిలిచి ఒప్పుకున్నాను. గుట్టుగా కడిగి వాడేస్తుందనుకున్నాను. తను నేరుగా వెళ్లి చెప్పేసింది.

“మేడమ్, మీ కట్టర్ మా మావయ్యగారు వాడేశారండి. కొత్తది తెప్పిస్తాను, రేపు రండి.”

బేరం పోయిందనుకున్నాను.

“నువ్వు చెప్పకుంటే నాకెట్ల తెలుస్తుండె? రేపు మా చెల్లెను సుత తెస్త,” అని మేడమ్ నావైపు తిరిగింది. “పెద్దాయనా, మీరు సుత జెర ఒక సంచి పెట్టుకోండ్రి!”

రాత్రి సుధ నా పేరు రాసిన సంచీ చేతిలో పెట్టింది. ఉద్యోగంలో ఒక్క స్పానర్ మీదైనా పడని పేరు! ఈ పిల్ల నా కోడలని వీధంతా చెప్పుకోవాలనుంది.

కానీ పోయిన వారం డాక్టరమ్మగారి కట్టర్ కూడా... పొద్దున్నే చెప్పేయాలి. అలాంటి పిల్లకు మామనై ఉండి దాచడమేమిటి?