గరుకు టైల్సే వేయించు

కోడలమ్మా,

ఈ భూమ్మీద నా కాలు ఇంతవరకు జారలేదు. జోరువానలో, బురద గట్టు మీద, దూడను భుజాన వేసుకుని నడిచినవాణ్ణి. అయినా మన కొత్త స్నానాలగది అంటే భయంగా ఉంది.

మీ అత్తయ్యను చూడడానికి ఆసుపత్రికి వెళ్తున్నాను. పదింటికి టైల్స్ మేస్త్రి వస్తాడు. గడప పెట్టొద్దను, చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోవాలి. నేల వాలు తూము వైపే ఉండాలి. నున్నటి టైల్స్ చూపించి, "అద్దంలా మెరుస్తాయమ్మా" అంటాడు. "మా అత్తగారు నిలబడాలయ్యా, ముఖం చూసుకోవడానికి కాదు" అని చెప్పు. తుంటి ఎముక మళ్లీ విరిగితే ఇక లేవలేదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. మీ ఆయనకు కూడా చెప్పలేదు.

నిన్న మేస్త్రి నమూనాకు ఇచ్చిన ఆ మెరిసే టైలు ఒకటి నేల మీద పెట్టి, సబ్బునీళ్లు పోసి, ఎక్కి నిలబడ్డాను. భుజాన దూడ లేకుండానే వెల్లకిలా పడ్డాను.

ఇంకో మాట. మోచేతికి కట్టేమిటని అడిగితే వీధికుక్క తోసిందన్నాను కదా. మీ అత్తయ్యకు కూడా అదే చెప్పు, లేకపోతే భయపడి ఆ గదిలో అడుగు పెట్టదు. కుక్కను మాత్రం నేనే కల్పించాను.