రెండు ఊర్లకూ ఒకటే మబ్బు

ఆదోని,
డిసెంబర్ 13, శనివారం.

ప్రియమైన సుకన్యక్కకు,

ఈ పొద్దున మొదటి వింత ఇది: ఆదోనికీ మన ఎమ్మిగనూరుకూ తేడా లేకుండా పోయింది.

నవ్వకు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని కూడా అడగకు. ఫోన్‌లో నీ పక్కన మీ అత్త ఉంటుంది. నా పక్కన హాస్టల్ గదిలో ఇద్దరు అమ్మాయిలు ఉంటారు. వాళ్లిద్దరిదీ ఒకే ఊరు, రోజంతా వాళ్ల మాటలు వాళ్లవి. నేను గోడవైపు తిరిగి చదువుకుంటాను. మొన్న పుస్తకంలో ‘మేఘావృతం’ అనే మాట చదివాను. ఎంత నిండుగా ఉందో! దాన్ని నోట్లో పెట్టుకుని కాలేజీకీ హాస్టల్‌కూ రోజంతా తిరిగాను. చెప్పుకోవడానికి ఒక్కరూ దొరకలేదు. ఇప్పుడు నీకు చెప్పాను.

మా జాగ్రఫీ మహేంద్ర సార్ రెండు ఊర్ల చలికాలాన్ని పోల్చి రాయమన్నారు. మన వైపు చలికాలమంటే వణికించేది కాదు కదా, మబ్బు పట్టిన మెత్తని చలి. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊర్లలో అదైనా ఒకేలా ఉంటుందా అని నా ప్రశ్న. పొద్దున ఎనిమిదిన్నరకు థర్మామీటర్ చూడాలి. ఆకాశాన్ని ఎనిమిది ముక్కలనుకుని, ఎన్ని ముక్కలు మబ్బుతో నిండాయో రాయాలి. ఇక్కడ నేను, అక్కడ నాయన. వారానికోసారి నాయన రాసిన కాగితాన్ని శుక్రవారం సాయంత్రం ఎవరో తెచ్చి హాస్టల్ గేటు కాపలా ఉండే భీమమ్మకు ఇచ్చిపోతారు. ఆమె మర్నాడు పొద్దున నాకిస్తుంది.

నవంబర్‌లో అంకెలు చక్కగా వచ్చాయి. ఆదోని చుట్టూ బండరాళ్ల కొండలు. పగలు తాగిన వేడిని అవి రాత్రంతా వదులుతాయేమో, ఇక్కడ పొద్దున ఒక డిగ్రీ ఎక్కువ. మన ఊరు చదును, అక్కడ మబ్బు ఒక ముక్క తక్కువ. లెక్క అంత బాగా కుదిరేసరికి నాకు ధైర్యం వచ్చి, నవంబర్ 26న నాయనకు ఫోన్ చేశాను. “ఈడ మబ్బు సగానికి పలచబడింది నాయనా, రేపు మన ఊర్లో ఎండ కాస్తుంది సూడు” అన్నాను. “అట్లనా తల్లీ!” అన్నాడు. మురిసిపోయాడని గొంతులోనే తెలిసింది. తీరా ఆ తర్వాత మూడు రోజులూ ఎనిమిదికి ఎనిమిది ముక్కలూ మబ్బేనని ఆయన కాగితంలో ఉంది. నా జోస్యం తప్పిందని నవ్వుకున్నాను.

డిసెంబర్ ఒకటి నుంచి తేడా మాయమైంది. ఇక్కడ పందొమ్మిదైతే అక్కడా పందొమ్మిదే. ఇక్కడ ఆరు ముక్కలైతే అక్కడా ఆరే. బుధవారం ఇక్కడ సరిగ్గా ఎనిమిదిన్నరకు కాసేపు చినుకులు పడ్డాయి. ఈ పొద్దున వచ్చిన కాగితంలో “బుధవారం, చినుకులు, పది నిమిషాలు” అని నాయన రాత. కానీ ఆ రోజు ఫోన్‌లో అమ్మ ఏమందో తెలుసా? “వానా? యాడొచ్చింది? ఈడ వీధిలో దుమ్ము లేస్తాంటే!”

నాయన చూడకుండా రాస్తున్నాడక్కా. సాయంత్రం ఫోన్‌లో నేను చెప్పే అంకెలనే తిప్పి నాకు రాస్తున్నాడు. మనకు చిన్న అబద్ధానికి కూడా గుడ్లురిమిన మనిషి! నా పని ఆయనకు ఆటలా కనిపించిందేమో. ఇంతమందిలో నా చదువును నిజమనుకున్నది ఆయన ఒక్కడేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇంకెవరికీ చెప్పని మాట రాస్తున్నాను. పరీక్షలు రాసి మానేస్తాను. ఇంటికి వచ్చి, నాయన మగ్గం పక్కన కూర్చుని దారం కండెలు చుట్టిస్తాను. ఇక్కడ నాలుగు రోజులు నేను నోరు తెరవకపోయినా ఎవరికీ తెలియడం లేదు. సోమవారం పొద్దున ఊరికి పోయి, ఈ కాగితాలు ఆయన ముందు పెట్టి అడుగుతాను.

నీ ఉష

ఆదోని,
డిసెంబర్ 15, సోమవారం సాయంత్రం.

అక్కా,

శనివారం ఉత్తరం నీకింకా అందకపోయి ఉండొచ్చు. అందగానే చివరి పేరా చింపెయ్యి.

పొద్దున ఏడున్నరకు బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడ్డాను. అటునుంచి వచ్చిన బస్సులోంచి నాయన దిగాడు. చేతిలో అన్నం క్యారియర్, చంకలో గుడ్డసంచి. పిలవబోయి, ఎటు పోతాడో చూద్దామని ఆగాను. వెనకే నడిచాను. మా హాస్టల్‌కు రెండు వీధుల అవతల ఉన్న పత్తి మిల్లులోకి పోయాడు.

ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడిపోయాను. ఎనిమిదిన్నరకు నాయన మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు. తల నిండా, మీసం నిండా పత్తి. సంచిలోంచి థర్మామీటర్ తీసి నీడలో గేటు కమ్మీకి తగిలించాడు. మెడ వెనక్కి వాల్చి, వేళ్లు మడుస్తూ మబ్బు ముక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

వాచ్‌మన్ ఏసన్న అన్నాడు, “ఏం గిడ్డయ్యా, మబ్బుకి ఈ పొద్దు జొరం ఎంతుంది?”

“నువ్వు నవ్వు. నా బిడ్డ పుస్తకంలో ఎక్కుతాంది ఇది.”

అప్పుడు పిలిచాను. నాయన ఉలిక్కిపడి, ముందు థర్మామీటర్ పట్టుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

“కాలేజీ ల్యాదామ్మా?”

“ఎమ్మిగనూరు అని రాసి ఆదోని అంకెలు ఇచ్చినావు కదా నాయనా!”

“ఎనిమిదిన్నరకి సూడమంటివి. ఎనిమిదిన్నరకి నేను ఈడ ఉండా. మీ అమ్మకి ఆ సన్న గీతలు కనపడవు. సూడంది యెట్ల రాసేది? పైన ఊరి పేరు నువ్వే రాసిచ్చినావు. నేను యెమ్మిగనూరోన్నే కదా, కొట్టేయల్లని తోచలే.”

ఏసన్న పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చి, అది మధ్యలోనే ఏడుపైంది. మగ్గం వదిలి ఇక్కడెందుకున్నావని అడిగాను. “పడుగు ల్యా” అన్నాడు, మగ్గమెక్కించడానికి దారమే లేదని. ఎందుకు లేదంటే మాట దాటేశాడు. అక్కడే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ దాచలేకపోయింది.

నవంబర్ 27న నాయన వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టాడట. నీకు తెలుసు కదా, గంజి పెట్టిన దారం మధ్యాహ్నం లోపల ఆరాలి. ఆరకపోతే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే తెగుతాయి. ఆ పొద్దున మన వీధి తిమ్మన్న మామ మబ్బు చూసి వద్దన్నాడట. నాయనేమో “మా ఉష సెప్పింది, ఎండ కాస్తాది” అని వీధి వీధంతా వినపడేలా చెప్పి గంజి పెట్టాడట. మూడు రోజులు మబ్బు కదలలేదు. పడుగంతా పోయింది. ఇక కొత్త పడుగు ఇవ్వనన్నాడట దారం అరువిచ్చే షావుకారు.

ఫోన్ పెట్టేసి నాయన వైపు చూడలేకపోయాను.

“ఎందుకమ్మా ఏడ్చేది? నలభై ఏండ్లు ఆకాశం సూసి గంజి పెట్టినోన్ని. ఆ పొద్దు నీ మాట సూసి పెట్టినా. తప్పు నాది.”

“పదైదు దినాలుగా రెండు వీధుల అవతలుండి, ఒక్క పొద్దన్నా నా కాడికి రాలేదే?”

“వచ్చినా కదా, శుక్రారం శుక్రారం. కాగితాలు మోసింది ఎవరనుకున్నావు? గేటు కాడ నిలబడి పైకి సూసి పోతాంటి. లోపలికి యెట్ల వచ్చేది, ఈ అవతారంతో? నేసేటోని బిడ్డనని నువ్వు అందరికీ సెప్పుకుంటివి.”

ఇంతలో లోపల ఈల వేశారు. నాయన నా చేతిలో ఆనాటి కాగితం పెట్టి, మీసం దులుపుకుంటూ వెళ్లిపోయాడు. ఇరవై డిగ్రీలు, ఏడు ముక్కలు.

నేను గోడవైపు తిరిగి పడుకున్న ప్రతి శుక్రవారం ఆయన గేటు బయట నిలబడ్డాడక్కా. అది తలచుకుంటే ఒంటరితనం పోవాలి కదా, ఇంకా పెరిగింది.

కాలేజీకి పోయి సార్‌తో నిజం చెప్పాను. డిసెంబర్‌లో ఎమ్మిగనూరు పేరుతో ఉన్న అంకెలన్నీ కొట్టేయమన్నారు. అంటే నెలాఖరు సెమినార్‌కు నా పేపర్ ఉండదు. అడ్డగీతలు నేనే గీశాను. నాయన గుండ్రటి అంకెల మీద గీయడానికి చాలాసేపు పట్టింది.

చదువు మాననక్కా. సగం చదివి మాట చెప్పినందుకే పడుగు పోయింది. ఇప్పుడు మానేస్తే ఆ సగమే నాకు మిగులుతుంది. షావుకారు మనసు ఎప్పుడు మారుతుందో తెలియదు. అంతవరకూ నాయనకు మిల్లు తప్పదు. ఇకమీదట సాయంత్రం పని వదిలాక, ఆ పత్తి బట్టలతోనే హాస్టల్ లోపలికి రమ్మన్నాను. చూద్దామన్నాడు. అంటే రాడని నీకూ తెలుసు. నేనే మిల్లు గేటుకు పోతాను.

రేపు ఒక్కరోజు మిల్లు మూస్తారట. మన వీధిలో తిమ్మన్న మామ పడుగు సాగదీస్తున్నాడు, నాయన సాయం పోతున్నాడు. గంజి కలిపే ముందు పెద్దవాళ్లంతా వీధిలో నిలబడి తూర్పు వైపు చూస్తారు కదా, ఒక పోగు తీసి వేళ్ల మధ్య నలుపుతారు కదా. వాళ్లు ఏం చూస్తారో, ఆ పోగులో ఏం తెలుస్తుందో పుట్టి ఇన్నేళ్లయినా నేను అడగలేదు. తెల్లవారుజామున ఐదింటి బస్సుకు బయల్దేరుతున్నాను. ఎండ కాస్తుందా మామా అని రేపు నేను అడుగుతాను.

నీ చెల్లెలు
ఉష