తొమ్మిది చెంపలు

అక్కా,

ఫోన్లో చెబుదామంటే సగంలో అడ్డొచ్చి బావగారి మోకాలినొప్పి మొదలుపెడతావు. అందుకే కాగితం పట్టుకున్నాను. చివరిదాకా చదవక తప్పదు నీకు.

నేను ఆదివారాలు ఒక ఫోటోల క్లబ్బుకి వెళ్తానని తెలుసుగా. వారమంతా లిఫ్టుల కింద గుంతల్లో గ్రీజు పూసుకునే మనిషికి ఏదో ఒక సరదా ఉండాలి కదా అనుకున్నాను. ట్యూషన్ సెంటర్ మీద ఒక గది, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ప్రొజెక్టరు. ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. ఎవరి పన్ను చూసినా పచ్చగా ఉందని బాధపడే రకం, ఫోటోలో మబ్బుల్ని కూడా తోమేస్తాడు. ఇంకొకాయన రిటైరైన లెక్కల మాస్టారు. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోకైనా సరే, ఒక చందమామని అతికిస్తే గానీ ఆయనకి తోచదు. చందమామ మాస్టారని పిలుస్తాం. ఆయన అది బిరుదనుకుంటాడు. బ్యూటీపార్లరు నడిపే ఆవిడకి సముద్రం పిచ్చి. మిగతావాళ్ళ సంగతి రాయడానికి కాగితం దండగ. వీళ్ళందరూ కళాకారులట!

నెలకోసారి ఎడిటింగ్ చాలెంజ్ పెడతారు. ఒకరు తీసిన ఫోటో, ఏ మార్పూ చెయ్యనిది, అందరికీ ఇస్తారు. పదిహేను రోజుల్లో ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్ళు దాన్ని మార్చుకు రావాలి. ఈ నెల ఫోటో నాది. అందులో ఉన్నది నీ మరదలు. పొద్దున్నే తన మందుల షాపుకి బయల్దేరుతూ కిటికీ దగ్గర నిలబడి వాచీ పెట్టుకుంటోంది. వెలుగు సరిగ్గా ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా ఉన్న బొల్లి మచ్చ మీద పడింది. తీశాను. నా చేత్తో అంత మంచి ఫోటో ఇంకోటి పడలేదు.

కిందటి ఆదివారం తొమ్మిది మంది మార్చిన తొమ్మిది ఫోటోలూ తెర మీద వేశారు. పళ్ళ డాక్టరు తనని మంచుకొండ మీద నిలబెట్టాడు. పార్లరావిడ ఓడెక్కించింది. మాస్టారి కిటికీలో ఏముందో నీకు చెప్పక్కర్లేదు. అవన్నీ సరే. తొమ్మిదింటిలోనూ చెంప శుభ్రం! నేను లేచి, "ఆ మచ్చ ఏమైందండీ?" అని అడిగాను.

"ఏ మచ్చ?" అన్నాడు పళ్ళ డాక్టరు. తర్వాత నవ్వి, "ఓ, అదా! అది ఎడిటింగ్ కిందకి రాదండీ. లెన్సు మీద దుమ్ములాగా ముందే తుడిచేసుకుంటాం," అన్నాడు.

దుమ్మట అక్కా.

వెనక వరసలో నీ మరదలు కూర్చునుంది. ఇప్పుడు అరుస్తుంది, అందరి దుమ్మూ దులుపుతుంది అనుకున్నాను. తను లేచొచ్చి పార్లరావిడతో, "ఆ ఓడ మీదది నాకో కాపీ ఇస్తారా?" అంది. నా తల కొట్టేసినట్టయింది. మెట్లు దిగుతూనే అనేశాను, "సిగ్గులేదా నీకు? నిన్ను తుడిచిపారేస్తే కాపీ అడుక్కుంటావా?" అని. అంతే. ఆరు రోజులైంది. "గ్యాస్ అయిపోయింది", "తాళం పట్టుకెళ్ళు" తప్ప మాటల్లేవు. ఆ బొమ్మ తెచ్చుకుని ఎక్కడో దాచుకుంది కూడా.

ఇరవై రెండేళ్ళలో ఆ మచ్చ నా కంటికి ఆనలేదని నీకు తెలుసు. పెళ్ళికి ముందు అమ్మ గొణిగితే నోరు మూయించింది నేనే. క్లబ్బుకి రాజీనామా రాశాను. ఆ మనుషుల మొహాలు ఇక చూడను. నీ మాట వింటుంది కాబట్టి తనకి నువ్వైనా కాస్త బుద్ధి చెప్పు.

నీ తమ్ముడు


వదినా,

మీ తమ్ముడు రాసిన ఉత్తరం నాకే పంపించి "నువ్వేమంటావు?" అని అడగడం మీకే చెల్లింది. రెండుసార్లు చదివాను. బాగానే రాశాడు. రాయకుండా వదిలేసింది నేను రాస్తాను.

ఆ ఫోటో తీసినట్టే నాకు తెలీదు. "రా, నీకో వింత చూపిస్తా," అని వెంటబెట్టుకెళ్ళాడు. ముందు అసలు ఫోటో వేశారు. దాని కింద పెద్ద అక్షరాలతో పేరు: "లోపంలో అందం". ఆ పేరు పెట్టింది మీ తమ్ముడే. మీకు రాశాడా? ఎందుకు రాస్తాడు? ఇరవై రెండేళ్ళు కంటికి ఆనని మచ్చ పోటీ అనేసరికి ఆనింది! ఇక ఆ తొమ్మిది మందీ ఏం చేస్తారు? లోపమని చెప్పి చేతికిస్తే బాగుచేసిచ్చారు. వాళ్ళ మీద నాకేం గౌరవం లేదు. కానీ వాళ్ళు నన్నెరగరు. ఈయన ఎరుగును.

కాపీ ఎందుకడిగానంటారా? ఈ మచ్చ నాకు పదిహేడో ఏట వచ్చింది. అది లేకుండా పెద్దదాన్నయితే ఎలా ఉండేదాన్నో ఒక్కసారి చూసుకోవాలనిపించింది. షాపులో సొరుగులో పెట్టుకుని రెండు రోజులు చూశాను. మూడో రోజుకి విసుగొచ్చింది. ఎవరో ఓడ మీద గాలి పీల్చుకుంటున్న ఆవిడ. ముక్కు కూడా సన్నం చేశారు. చింపి చెత్తబుట్టలో వేశాను. అడిగుంటే మీ తమ్ముడితోనూ ఇదే చెప్పేదాన్ని. ఆయన అడిగింది సిగ్గు గురించి.

నిన్న ఆదివారం ఒక్కదాన్నే ఆ క్లబ్బుకి వెళ్ళాను. అసలుదానితో సహా అన్నీ తీసెయ్యమన్నాను. "మీ అనుమతి ఉందనుకున్నామండీ," అని పళ్ళికిలించాడు డాక్టరు.

"మిమ్మల్ని అడక్కుండా మీ ఫోటో నా షాపులో అంటించి, కింద ఒక జబ్బు పేరు రాస్తే ఊరుకుంటారా?" అన్నాను. చందమామ మాస్టారు లేచి చేతులు జోడించాడు. నా ముందే అన్నీ తీసేశారు. అన్నట్టు, మీ తమ్ముడి రాజీనామా వాళ్ళకి అందనేలేదు. ఇంకా ఈయన చొక్కా జేబులోనే ఉంది.

ఇంటికొచ్చి అడిగాను, "ఆ పేరెందుకు పెట్టావు?" అని.

"పోటీకి ఏదో ఒక పేరుండాలన్నారు."

"నాకు పేరుంది కదా?"

మీ తమ్ముడు లేచెళ్ళాడు. కెమెరాలోంచి, కంప్యూటర్లోంచి ఆ ఫోటో తీసేశాడు. అంత మంచిది మళ్ళీ తీయలేడు, నాకూ తెలుసు. జాలి మాత్రం వెయ్యలేదు.

ఈ పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ఒక్కటి తీయనా?" అన్నాడు. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదలు వదినా.

వద్దన్నాను. కెమెరా లోపల పెట్టేసి, షాపు దాకా తోడొస్తానన్నాడు. రమ్మన్నాను.

మీ మరదలు