నంబరు పలక మీద నా అక్షరాలు

2011 సెప్టెంబరు 27, మంగళవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు. కోరుట్ల బస్సు రాదు కనుక ఏడున్నర ఎప్పుడైందో తెలియదు. జగిత్యాల బస్సు పోదు కనుక మధ్యాహ్నానికి ముగింపు లేదు. గోడ గడియారం నడుస్తూనే ఉంది, రోజు మాత్రం దాని మాట వినడం లేదు. ఏదో ఒకటి కచ్చితంగా ఉండాలని ఈ నోటుబుక్కు తీశాను. మనుమరాలు లావణ్య రక్తపోటు, కాళ్ళ వాపు రోజూ రాసిపెట్టమని జగిత్యాల డాక్టరమ్మ చెప్పింది కూడా.

తొమ్మిదో నెల. 130/90. వాపు చీలమండ దాటింది.

లావణ్యను కన్న రోజు నా బిడ్డకు ఊళ్ళో ఏ బండీ దొరకలేదు. ఆ దారి గురించి రాయను.

సెప్టెంబరు 28

సిరిసిల్ల నుంచి లావణ్య పెనిమిటి ఫోను. “అమ్మమ్మా, మగ్గాల సాంచెలు బందున్నయ్, పనేం లేదు. నేనే అచ్చి బైకు మీద దవాఖాన్ల దించుత.” నిండు చూలాలిని బైకు మీదనా! పెట్టెయ్యమన్నాను.

భయమేమీ లేదు. గ్రామ పంచాయతీ ముందు అంబులెన్సు ఉంది. కోరుట్ల బండి టైర్లకు పైసలు మంజూరు కాక నిలబడిపోయింది కాబట్టి ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మా బండే. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్ళు కూడా దానికి మాత్రం లేచి దారి ఇస్తారు.

సెప్టెంబరు 29

అంబులెన్సు డ్రైవరు రాజేశం వచ్చాడు. చేతిలో తెల్ల, నల్ల రంగు డబ్బాలు, సన్న కుంచె.

“టీచరమ్మా, ఊర్ల బండ్లన్ని టీజీ అయినయ్. నాదొక్కటే ఏపీ. నన్ను జూసి నవ్వుతుండ్రు.”

“సర్కారు బండిరా అది.”

“గందుకే మీ దగ్గరికచ్చిన. మీరు రాస్తె అచ్చు గుద్దినట్టుంటది.”

పొగడ్తకు లొంగే మనిషిని కాను. లొంగాను. స్కేలుతో గీతలు, పెన్సిలుతో హద్దులు, ఆ తర్వాత రంగు. రెండే అక్షరాలు, ఏపీ చోట టీజీ. ఆడవాళ్ళు బానెట్టు మీద తంగేడు పూలు పెట్టారు. రోడ్డంతా ఎండ, నిశ్శబ్దం. ఇంటికొచ్చి కూర్చున్న చోటే నిద్ర...

కల. పసుపు చేలమీదుగా బండి పోతోంది, చక్రాలు నేలకు తగలడం లేదు. లోపల నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎవరూ తప్పు రాయలేదు. కిటికీ పక్కన నా బిడ్డ... జుట్టు ఎగురుతోంది.

సెప్టెంబరు 30

140/90. నిద్ర బాగా పట్టిందట.

అక్టోబరు 1

బంకు నుంచి రాజేశం అడుగంటిన ట్యాంకుతోనే తిరిగొచ్చాడు. “సర్కారు డీజిల్ చిట్టీ మీద ఒక నంబరు, బండి మీద ఒక నంబరు. డీజిల్ పొయ్యనన్నడు.” సాయంత్రానికి జగిత్యాల ఆఫీసు నుంచి ఫోను కూడా వచ్చింది. నంబరు సరయ్యేదాకా బండి కదలకూడదు.

సర్కారు డబ్బు బండికి రాదు, నంబరుకు వస్తుంది. ముప్పై నాలుగేళ్ళు బడి రిజిస్టర్లు రాసిన నాకు తెలిసి ఉండాల్సిన సంగతి.

డీజిల్ నేనే కొనిస్తానన్నాను. “కదిలిస్తె నా కొలువు వోతది టీచరమ్మా.”

అక్టోబరు 3

పొద్దున పాల వ్యానులో జగిత్యాల. మా బండి ఫైలు చూసే గుమాస్తా ఆఫీసు ముందు సమ్మె టెంటులో, మెడలో కండువాతో కూర్చున్నాడు.

“నంబరు మనదైంది గని అమ్మా, డీజిల్ ఇంక ఏపీ సర్కారు పైసలతోనే రావాలె గదా!” అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, “లోపటికి నేను రాను, సమ్మెల ఉన్న. సారు ఉన్నడు. పాత నంబరు మళ్ళ రాయాలె, మార్చిందెవరో కాయితం ఇయ్యాలె. డ్రైవరని రాస్తె ఆయన పని ఖతం.”

“డ్రైవరు రాయలేదు.”

“మరెవలు?”

“నేను.”

“మా చిన్నాయిన మీ బడిలనే సదివిండు. మీ బెత్తం ముచ్చట ఇప్పటికీ జెప్తడు.”

పలక సరిచేసి కాగితంతో మళ్ళీ వస్తానని చెప్పి బయల్దేరాను. తిరుగుదారిలో వంటావార్పు. హైవే నడుమ చాప వేసి కూర్చోబెట్టి కిచిడీ పెట్టారు. తారు రోడ్డు మీద తూనీగలు. లేవబుద్ధి కాలేదు. ఇక్కడే, ఈ ఎండలోనే, అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయనిపించింది... లేచాను.

అక్టోబరు 4, మంగళవారం

సద్దుల బతుకమ్మ. పొద్దున గీకుడు కత్తి తీసుకుని వెళ్తే రాజేశం అడ్డం నిలబడ్డాడు. “ఇయ్యాల వద్దు టీచరమ్మా. తెలంగాణను తుడిసేసిండ్రంటరు. నన్ను ఊర్లె ఉండనియ్యరు.” నేనూ వెనక్కి తిరిగాను. జనానికి జంకి వెనక్కి తిరగడం నా ఎరుకలో ఇదే మొదలు.

మధ్యాహ్నం లావణ్య అరుగు మీద పూలు పేరుస్తోంది. గునుగు, తంగేడు, బంతి. తల నొప్పి అంది. కాసేపటికి నవ్వుతూ, “అమ్మమ్మా, పూలు రెండు రెండు గనవడుతున్నయ్. మస్తు మంచిగున్నయ్.”

ఊరి నర్సమ్మను పిలిపించాను. 160/110. “ఇప్పుడే జగిత్యాల దవాఖానకు తీస్కపోవాలె” అంది.

ఇప్పుడు మూడూ నలభై.

1. లావణ్యను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నర్సమ్మ దగ్గరే ఉండాలి.
2. పలక నేనే గీకాలి, అందరూ చూస్తుండగా. పాత అక్షరాలు కూడా నా చేతితోనే. పది నిమిషాలు.
3. కాగితం: మార్చింది నేను, నా సంతకం, నా పింఛను నంబరు. సారు అనుమతి కోసం ఆగను. కాగితం బండిలోనే జగిత్యాలకు వస్తుంది.
4. ట్రాక్టరు వాళ్ళ ఇంటి నుంచి పది లీటర్ల డీజిల్.
5. రాజేశం బండి ఎక్కాలి. ఇంకా అడగలేదు. అటు బతుకమ్మల దగ్గర, తాళంచెవి వేలికి తగిలించుకుని నిలబడి ఉన్నాడు.