డైసీ పూల బూటు

ఆదివారం మధ్యాహ్నం

వెర్లిన్‌కి,

నేను బాగున్నాను. నువ్వడిగిన జెరానియం మొక్క నాకంటే బాగుంది. పక్క బండిలో ఉండే హాలిస్ బాగున్నాడు, అతని నోరు ఇంకా బాగుంది. నువ్వక్కడ ఆ చలిలో చెవులు మూసే టోపీ పెట్టుకుని, వేళకింత వేడి సూపు తాగుతూ క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. పెట్టుకోకపోతే ఎవరు చెప్పినా వినే మనిషివి కాదు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నాను.

నీ ఉత్తరం పోస్టాఫీసు కిటికీ దగ్గరే నిలబడి చదివేశాను. చక్కెర దుంపల గుట్టలు ఇళ్ళంత ఎత్తున పోస్తున్నారని రాశావు. భుజం ఎలా ఉందని నేనడిగితే, "భుజానికేం, బాగానే ఉంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టి, సగం పేజీ జెరానియం గురించి అడిగావు. నీళ్ళు పోస్తున్నావా, ఎండెక్కాక నీడలోకి జరుపుతున్నావా అని. పోస్తున్నాను, జరుపుతున్నాను. ఆ ఎర్ర రబ్బరు బూటులోనే, మెట్టు పక్కన, కొత్తగా మొగ్గ కూడా వేసింది. పెళ్ళాం ఎలా ఉందో అడక్కుండా మొక్క ఎలా ఉందని అడిగేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు మండటం లేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ఆ తరువాత అసలు సంగతి రాశావు. శనివారం యూమా నుంచి క్రాండల్ లారీ వేసుకుని వస్తాడు, ఎంతిస్తే అంత తీసుకో, బండి అతనికిచ్చేసి నువ్వు బస్సెక్కి ఫ్రెస్నోలో మీ అక్క ఇంటికి వెళ్ళిపో, దుంపల పని అయ్యాక నేనూ అక్కడికే వస్తాను అని. ఎంత తేలిగ్గా రాశావయ్యా! చక్రాల మీద ఉన్నా మనం పడుకున్న ఇల్లు, వండుకున్న ఇల్లు, పోట్లాడుకుని మళ్ళీ అందులోనే మొహాలు చూసుకున్న ఇల్లు అది. దాన్ని పొట్ట చీల్చి, ఆయన మేకలకి దాణా కొట్టు చేస్తాడట. మా అక్క సంగతి నీకు తెలియంది కాదు. సోఫాల మీద ప్లాస్టిక్ తొడుగులు తీయదు, మనిషి కూర్చుని లేస్తే అక్కడ తుడుస్తుంది. ఆ ఇంట్లో నువ్వు బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టి, ఒక మూల కుర్చీలో కూర్చుని వాన చూస్తుంటావు. అది తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

సెప్టెంబరులో బండి ఆగిపోయిన రోజు నువ్వు కిందికి దూరి, చాలాసేపటికి బయటికి వచ్చావు గుర్తుందా? మొహం పాలిపోయి ఉంది. "ఇంజనే పోయింది నడీన్, ఇక దీన్లో ఏం లేదు" అన్నావు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను, ఎప్పటిలాగే. ఇన్నేళ్ళ కాపురంలో ఆ బండి మరమ్మతులో నా పని అదే కదా. నువ్వు చెప్పావు, నేను నమ్మాను. మర్నాడు నువ్వు దుంపల పనికి వెళ్తున్న రాండీ ట్రక్కెక్కి ఉత్తరాదికి వెళ్ళిపోయావు.

నీ ఉత్తరం హాలిస్‌కి చూపించాను. అతను తన మడత కుర్చీ తెచ్చుకుని మన బండి ముందు వేసుకున్నాడు. లోపల రెండు సీట్ల మధ్య ఇంజన్ మీది మూత నాచేత తీయించాడు. తాళం తిప్పమన్నాడు, తిప్పాను. అది గిర్రున తిరుగుతుంది తప్ప అంటుకోదు.

"ఇంజన్ పోయిందని ఎవడన్నాడు చెల్లెమ్మా?"

"మా ఆయన."

"మీ ఆయనకి మతి పోయిందేమో గానీ ఇంజన్ ఎక్కడికీ పోలేదు. దీనికి పెట్రోలు అందటం లేదు, అంతే. పంపు చచ్చింది. వెర్లిన్‌కి ఆ మాత్రం తెలీదంటే నేను నమ్మను."

నేనూ నమ్మలేదు. నిజం చెబుతున్నాను వెర్లిన్, ఆ క్షణాన నువ్వు ఎదురుగా ఉండుంటే నీ చెవి మెలిపెట్టేదాన్ని. నాతో అబద్ధమా? ఇల్లు అమ్మేసేంత అబద్ధమా? కోపంతోనే హాలిస్‌ని బయల్దేరదీసి బ్లైత్ ఊళ్ళోకి వెళ్ళి కొత్త పంపు కొనుక్కొచ్చాను. దారి పొడుగునా నిన్ను తిట్టాను. హాలిస్ కూడా తోడుగా తిట్టాడు, అతనికి తిట్టడమంటే సరదా కదా.

పంపు ఎక్కడుందో నీకు చెప్పాలా? ఇంజన్‌కి ముందు, కుడి పక్క, బాగా కిందికి. పైనుంచి చూస్తే కనపడదు, కిందనుంచి చూస్తే సగం కనపడుతుంది. ఒక బోల్టు ఇటువైపు, రెండోది వెనకాల. ఆ వెనకది చూసిన మానవుడు లేడు, తడిమి తెలుసుకోవాల్సిందే. కింద వెల్లకిలా పడుకుని, కుడి భుజం తలమీదుగా మెలితిప్పితే గానీ అక్కడికి చెయ్యి పోదని హాలిస్ చెప్పాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఆ రోజు నువ్వెందుకు పాలిపోయి వచ్చావో. నీ భుజం తిరగలేదు. ఇంజన్ పోయిందని చెప్పడం తేలికైంది నీకు, భుజం పోయిందని చెప్పడం కంటే.

నాకు కోపం సగం దిగింది. కానీ శనివారం దగ్గరికొస్తోంది, క్రాండల్ వస్తాడు. హాలిస్ నడుము అతన్ని వంగనివ్వదు. మిగిలింది నేను.

"చక్రం విప్పితే పక్కనుంచి ఓ సందుంది" అన్నాడు హాలిస్. "కానీ మగవాడి చెయ్యి అందులో మోచేతిదాకా కూడా పట్టదు. పైగా ఆ రేకు అంచు కత్తిలా ఉంటుంది. ఈ రకం బండి బాగుచేసిన ప్రతివాడి చేతిమీదా ఓ గాటు ఉంటుంది, కావాలంటే నాది చూడు."

"నాది సన్నపు చెయ్యే" అని చక్రం విప్పాను.

"ఏదీ, కుడిచెయ్యి పెట్టు."

పెట్టాను. మోచెయ్యి అటు వంగదు. ఎడమచెయ్యి పెట్టాను. నాది ఎటూ పుర్రచేతి వాటమే కదా. నున్నగా లోపలికి పోయింది. అంచు కోస్తుందని పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. కొయ్యలేదు. అంచు మెత్తగా ఉంది. ఎవరో దాని మీద చుట్టూ మందపాటి రబ్బరు తొడిగి, సన్న తీగతో కుట్టేశారు. ఇంకాస్త లోపలికి పెట్టాను, మోచేతికి ఒక చెక్కముక్క తగిలింది. అక్కడ చెక్కకేం పని? మోచెయ్యి దాని మీద ఆనించగానే చేతి బరువంతా అదే మోసింది. వేళ్ళు వాటంతటవే పంపు దగ్గరికి వెళ్ళాయి.

"ఏంటమ్మా, ఏం కనపడింది?" అన్నాడు హాలిస్.

"కనపడటమేంటి, నా తలకాయ. ఇక్కడేదో వేలాడుతోంది."

అది పానా. దారం కట్టి, అక్కడే ఒక మేకుకి తగిలించి ఉంది. పొట్టి పానా. మామూలుది కాదు, ఎవరో నిప్పులో కాల్చి మెడ వంచారు. కుడిచేత్తో పట్టుకుంటే ఎందుకూ పనికిరాదు. ఎడమచేత్తో పట్టుకోగానే దాని నోరు వెళ్ళి ఆ కనపడని బోల్టు మీద కూర్చుంది. ఎవరో నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అక్కడ పెట్టినట్టే ఉంది వెర్లిన్.

హాలిస్‌కి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ నడుముతో అతను ఒకరి చెయ్యి అందుకోకుండా లేవడం నేను చూడటం అదే మొదటిసారి. "ఈ బండి మీకమ్మిన పంతులుగారిది ఎడమచేతి వాటమా?" అన్నాడు. అయ్యుంటుందన్నాను. ఆ పంతులుగారికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఎవరికోసం చేశాడో, ఎవరూ చూడని చోట ఇంత శ్రద్ధగా ఎందుకు చేశాడో అనుకుంటూ పని చేశాను.

పాత పంపు ఊడొచ్చింది. కొత్తది ఎక్కించేటప్పుడే ప్రాణం తీసింది. ఇంజన్ లోపలి నుంచి వేలెడు ఇనుప కడ్డీ ఒకటి వచ్చి పంపుని తోస్తుంది కదా, అది కిందికి జారిపోయి దారికి అడ్డం పడుతుంది. పైకి తోస్తాను, జారుతుంది. తోస్తాను, జారుతుంది. హాలిస్ కుర్చీలోంచి ఒకటే గోల. "గ్రీజు పెట్టు! దండిగా పెట్టు! బ్రెడ్డుకి వెన్న రాసినట్టు కాదు, గోడకి సిమెంటు పెట్టినట్టు పెట్టు! కళ్ళు మూసుకో, కళ్ళు అడ్డం!" కళ్ళు మూసుకున్నాను. గ్రీజులో అతుక్కుని కడ్డీ పైనే నిలబడింది. పంపు దాని కిందికి జారి కూర్చుంది. బోల్టులు బిగించాను.

చెయ్యి తీసేద్దామనుకున్నాను గానీ సత్తువ లేదు. మణికట్టు ఆ రబ్బరు అంచు మీద ఆనించి కాసేపు అలాగే ఉన్నాను. చర్మానికి ఏదో తగిలింది. రబ్బరు మీద బుడిపెలు. మధ్యలో గుండ్రంగా ఒకటి, చుట్టూ రేకులు. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. పువ్వులు.

వెర్లిన్, ఆ పువ్వులు నాకు తెలియవా? నా ఎర్ర బూట్ల మీద ఉబ్బెత్తు డైసీ పూలవి. ఒరెగాన్‌లో వానల్లో కొనుక్కున్నాను. ఒక సాయంత్రం బ్లాక్‌బెర్రీలు కోసుకుని తిరిగొచ్చేసరికి ఒక బూటు లేదు. బస్టర్ ఎత్తుకుపోయి ఎక్కడో పాతిపెట్టిందన్నావు. పాపం ఆ కుక్కని ఎంత తిట్టాను! వారం రోజులు దానికిష్టమైన బేకన్ మాంసం ముక్క పెట్టలేదు. అది నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నువ్వు పక్కనే నిలబడి, "అవునే బస్టర్, తప్పు కదూ" అన్నావు. ఎంత గుండెధైర్యం నీకు! ఆ రోజే నీ చేతికి కట్టు ఉంది, పీచ్ పండ్ల డబ్బా కోసుకుందన్నావు. మిగిలిన బూటులో నేను జెరానియం నాటితే, పదకొండేళ్ళుగా దానికి రోజూ నీళ్ళు పోస్తూ ఒక్కసారి పెదవి విప్పలేదు.

నీ చెయ్యి పట్టని సందు అది. అప్పట్లో పంపు మార్చే పని నువ్వు కిందనుంచే ముగించావు. పని అయిపోయాక నువ్వు మళ్ళీ వెళ్ళి, చెయ్యి కోసుకుని, నా బూటు కోసి ఆ అంచుకి కుట్టావు. నా మోచెయ్యి ఎంత ఎత్తుకి వస్తుందో చూసి చెక్క పెట్టావు. నా ఎడమచేతికి సరిపడా పానా వంచి తగిలించి వచ్చావు. అప్పటికే నీకు తెలుసు, ఒక రోజు నీ భుజం తిరగదని, ఆ రోజు నేనే చెయ్యి పెట్టాల్సి వస్తుందని. ఇన్నేళ్ళు ఆ పానా అక్కడ నాకోసం వేలాడుతూనే ఉంది. మనం దాని మీద కూర్చుని దేశమంతా తిరిగాం. తీరా ఆ రోజు వచ్చాక మాత్రం ఒక్క మాట చెప్పలేక ఇల్లు అమ్మేద్దామన్నావు. నువ్వేం మనిషివయ్యా?

"చెయ్యి ఇరుక్కుందా?" అని అడిగాడు హాలిస్.

"లేదు."

"మరెందుకు ఏడుస్తున్నావ్?"

"నోరు మూసుకుని ఆ టార్చి పట్టుకో."

చక్రం ఎక్కించాక తాళం తిప్పాను. కొంచెం సేపు దగ్గి, ఆలోచించుకుని, అందుకుంది. గిన్నెలు గలగలమన్నాయి. హాలిస్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

ఇక నీకు చెప్పకుండా చేసిన పని చెబుతాను. పోయిన వారం, నువ్వన్న శనివారమే క్రాండల్ వచ్చాడు. కొలతల టేపు తెచ్చుకున్నాడు, ఎక్కడ కొయ్యాలో గుర్తులు పెట్టుకోవడానికి. నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాను, ఇంజన్ నడుస్తోంది.

"అమ్మా, ఇది చచ్చిన బండి అన్నాడే మీ ఆయన?"

"మా ఆయన చాలా అంటాడు. కుక్క మీద కూడా చెప్పాడు."

"మేకల సంగతి?"

"మేకలు ఆరుబయట తింటేనే ఆరోగ్యం" అని గేరు వేశాను.

కవరు మీద ముద్ర చూశావా? చూసుండవు, నువ్వెప్పుడూ చూడవు. అది మన అరిజోనా ముద్ర కాదు. ఈ ఉత్తరం నేను వయోమింగులో, రాలిన్స్ పోస్టాఫీసు ఎదుట, బండిలో మన బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను. రేపు పొద్దున తెరవగానే వేసేస్తాను. ఎన్నడూ పెద్ద రోడ్డెక్కని మనిషిని, మ్యాపు చూసి నీకు మలుపులు చెప్పడమే తెలిసినదాన్ని, ఇంతదూరం తోలుకొచ్చాను. కొండలు ఎక్కేటప్పుడు భయం లేదు గానీ దిగేటప్పుడు మాత్రం పైకి వినపడేలా ప్రార్థన చేశాను. వెనకాల లారీలవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను. యూటాలో బస్టర్‌ని పూడ్చిన చోట ఆగి, బేకన్ ముక్క పెట్టి, నీ తరఫున కూడా క్షమాపణ చెప్పి వచ్చాను.

నేను మెల్లగా ఆగుతూ తోలుతాను కాబట్టి ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుంది. దుంపల గుట్టల దగ్గర నిన్నెక్కడ వెతుక్కోవాలో నాకు తెలుసు, నువ్వెక్కడికీ కదలకు. భుజం గురించి నువ్వేమీ చెప్పక్కర్లేదు, ఆ రేకు అంచే నాకు చెప్పేసింది. రేడియేటర్ దగ్గర ఒక గొట్టం కొద్దిగా కారుతోంది. వచ్చాక నేను చూస్తాను. టార్చి నువ్వు పట్టుకో.

ఇట్లు,
నీ పుర్రచేతి పెళ్ళాం,
నడీన్