మీ సైన్యం పంపించాను

టాంపినీస్, సింగపూర్,
14 జూన్ 2025, శనివారం

ఏమండీ,

ఇవాళ రెండు విడతల బట్టలు ఉతికి వెదురు కర్రల మీద ఆరేశాను. ఫ్రిజ్ కడిగాను. ఇడ్లీకి పప్పు నానబోశాను. మీ సైన్యాన్ని సర్ది పంపించాను.

గంగాధర్ గారు పొద్దున్నే వచ్చారు. ఎప్పుడో ఫ్రాన్సు నుంచి వచ్చి గ్రీసును ఆక్రమించిన ఫ్రాంకుల రౌతులు, మీ యుద్ధం ఆట కోసం మీరు ఆదివారాలు కూర్చుని రంగులేసిన వేలెడంత సీసపు బొమ్మలు. బల్లేలు వంగకుండా ఒక్కొక్కటీ టిష్యూలో చుట్టాం. ఆయన ఒకదాన్ని పైకెత్తి చూపించారు.

"ఈయన ప్రిన్సు, వదినా. ఓడిపోయి గడ్డిలో దాక్కున్నాడు. ముందుపళ్ళు ఎత్తు. అవి చూసే పట్టేసుకున్నారు."

"మీ స్నేహితుడు ఎక్కడ దాక్కున్నారు?"

"వన్-నార్త్ స్టేషను దగ్గర రూము తీసుకున్నాడు. ఇంకేం అడక్కండి వదినా, మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నా."

ప్రిన్సును వదలాలంటే మూడు కోటలు ఇమ్మన్నారట పట్టుకున్నవాళ్ళు. మగవాళ్ళు చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు ఖైదులో ఉంటే, వాళ్ళ భార్యలే సభ చేసి, ఇచ్చేద్దామన్నారట.

"ఇస్తే వచ్చాడా?"

"వచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా? ఆ కోటల చుట్టూనే మళ్ళీ యుద్ధం."

"ఆ ఆడవాళ్ళ బొమ్మలేవి?"

"అవెవరు చేస్తారు వదినా! ఆటలో వాళ్ళకేం పని?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాలనుకున్నాను గానీ, ఈలోగా టేపు అయిపోతే ఇంకోటి తెచ్చాను.

మీకు ఒకటి చెప్పాలి. వెళ్ళేటప్పుడు చొక్కాలు, లాప్‌టాప్ తీసుకుని ఈ బొమ్మల్ని వదిలేశారు. పంపమని మీరు మెసేజ్ పెట్టినప్పుడల్లా పెట్టెలు కనబడలేదన్నాను. అవి మంచం కిందే ఉన్నాయి. నా కోసం రాకపోయినా వీటి కోసమైనా మీరే వస్తారనుకున్నాను. గుమ్మంలోనే నిలబెట్టి, ఎందుకు వెళ్ళారో ఒక్క మాట అడగాలనుకున్నాను. కోపంతో కాదు. పక్కింటి వసుంధర అడిగినా, మా అమ్మ అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీరు గంగాధర్ గారిని పంపారు. ఆయన చేతులు రెండూ పెట్టెలతో ఉంటే లిఫ్టు బటన్ నేనే నొక్కాను. తలుపు మూసుకున్నాక ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. లోపలికొచ్చి మంచం కింద తుడిచాను. చాలా దుమ్ముంది.

ఆ భార్యలు కోటలిచ్చి మనిషిని తెచ్చుకున్నారు. నేను మనిషిని అడగడం లేదు. బొమ్మలు మీవి కనక ఇచ్చాను. సోమవారం ఇంటి తాళం మార్పిస్తున్నాను. ఇక మీరు రావాల్సిన పని లేదు.

మీరు నాకు ఒక కారణం చెప్పాల్సిన బాకీ ఉంది. దానికి చెల్లు రాసేశాను.

సత్యవాణి